మొదటి పువ్వుకు ఎర్ర దారం

కెనడాలోని ఎడ్మంటన్ నగరం పార్కుల్లో ఇరవై ఆరేళ్ళు తోటపని చేశాను. మనవాళ్ళ ఫంక్షన్లలో ఈ మాట చెబితే ఎదుటివాళ్ళు "అంటే అంకుల్, మేనేజ్‌మెంట్ సైడా?" అని అడుగుతారు. కాదు, మోకాళ్ళ మీద కూర్చుని మట్టిలో చేతులు పెట్టే సైడు. చివరి కొన్నేళ్ళు నలుగురి మీద పెత్తనం ఇచ్చారు గాని, మోకాళ్ళ మీద కూర్చోవడం మాత్రం తప్పలేదు.

ఈ మధ్య ఇక్కడి కాలేజీల్లో చదువుకుంటున్న మన పిల్లలు కొందరు ఎండాకాలం పార్కుల్లో సీజనల్ జాబుకి చేరుతున్నారు. ఎవరో నా నంబరు ఇస్తే ఫోన్ చేసి, పని ఎలా ఉంటుందని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. అప్లికేషను ఎలా నింపాలో, బూట్లు ఎక్కడ కొనాలో ఆఫీసువాళ్ళు చెబుతారు. వాళ్ళు చెప్పనివి నేను చెబుతాను. అందులో ఎక్కువ భాగం నేను చేసిన తప్పులే. వాటిలో పెద్దది రిటైరయ్యాక చేశాను కాబట్టి, అనుభవం వచ్చేసిందని ఎవరూ గుండెల మీద చెయ్యేసుకుని పడుకోకండి.

ప్లాస్టిక్ పట్టా

మాది గోదావరి వైపు. మా నాన్నకి పూల నర్సరీ ఉండేది. నాకు వ్యవసాయంలో డిగ్రీ ఉంది. ఏడాది పొడుగునా ఏదో ఒకటి పూసే చోటు నుంచి వచ్చినవాడిని కాబట్టి, పువ్వుకి గడువు ఉంటుందన్న సంగతి నాకు పుస్తకంలో చదివినంతే తెలుసు. మంచు అంటే ధనుర్మాసంలో పొద్దున్నే కమ్ముకునే పొగమంచు అనుకునేవాడిని.

ఇక్కడ సెప్టెంబరు సగానికి వచ్చేసరికి ఫ్రాస్ట్ పడుతుంది. గాలిలోని తేమ ఆకుల మీద గడ్డకట్టి, లోపలి రసం కూడా గడ్డకడుతుంది. ఎండ తగలగానే మొక్క వాలిపోతుంది. నా మొదటి సెప్టెంబరులో మా ఫోర్‌మన్ మార్విన్ ఒక మధ్యాహ్నం నాకు పాత దుప్పట్ల మూట ఒకటి ఇచ్చి, బంతి, ఆస్టర్ మళ్ళు కప్పమన్నాడు. చిరుగులు పడిన దుప్పట్లు. నగరం పార్కులో ఇవేంటని నాకు నామోషీ అనిపించింది. స్టోర్‌లో కొత్త ప్లాస్టిక్ పట్టా ఉంటే అది తెచ్చి, నీటుగా, అంచులు బిగించి కప్పాను.

మర్నాడు పొద్దున పట్టా తీస్తే, అది ఆకుకి ఎక్కడ తగిలిందో అక్కడల్లా మొక్క ఉడికిన తోటకూరలా నల్లగా ఉంది. ప్లాస్టిక్ చలిని ఆపదు, తగిలిన చోటికి తిన్నగా తీసుకొచ్చి ఇస్తుంది. గుడ్డ అయితే నేలలోని వెచ్చదనాన్ని కొంత పట్టి ఉంచుతుంది.

మార్విన్ తిట్టలేదు. తిడితే బాగుండేది. చచ్చిన మొక్కలన్నీ నా చేతే ఒక్కొక్కటీ పీకించి, పక్కన నిలబడి ఒక మాట చెప్పాడు. "మొదటి ఫ్రాస్ట్ అయిపోయాక ఇక్కడ మామూలుగా రెండు వారాలు మంచి ఎండ కాస్తుంది. ఒక్క రాత్రి కాపాడితే ఆ రెండు వారాలు నీవి. మన పనంతా ఆ రెండు వారాల కోసమే."

కాబట్టి మీరు కూడా మధ్యాహ్నమే మడికి నీళ్ళు పెట్టండి. పొద్దు వాలకముందే గుడ్డ కప్పండి. ఎండ పైకి వచ్చాక తీసేయండి. చిరుగుల దుప్పటి చూసి ఎవరైనా నవ్వితే నవ్వనివ్వండి.

పొట్టి మొక్కలు

మార్విన్ పెద్దగా చదువుకున్నవాడు కాదు. హైస్కూలు మధ్యలో మానేసి తండ్రి పొలంలో దిగినవాడు. ఆ సంగతి తెలియడం వల్ల నాకు జరిగిన నష్టం అంతా ఇంతా కాదు.

పార్కులో మొక్కలు చాలావరకు గ్రీన్‌హౌసుల నుంచి వచ్చేవి. ఒక మూల రెండు మళ్ళు మాత్రం మార్విన్ తన సొంత విత్తనంతో పెంచేవాడు. జులై నెలలో రోజూ ఆ మళ్ళ చుట్టూ తిరిగి, అన్నిటికంటే ముందు పూసిన నాలుగైదు మొక్కలకి ఎర్ర ఊలు దారం కట్టేవాడు. ఆ మొక్కల దగ్గరికి కత్తెర తీసుకురావద్దని అందరికీ వార్నింగ్. చూడబోతే అవి పొట్టిగా, ఒక్కోసారి వంకరగా, చిన్న పువ్వులతో ఉండేవి. పక్కనే నడుమెత్తు మొక్కలు బలంగా నిలబడి ఉండేవి.

ఒకరోజు ఉండబట్టలేక అడిగాను, బలమైనదాన్ని వదిలి ఈ బక్క మొక్క విత్తనం ఎందుకని. ఆయన ముడి వేయడం ఆపకుండానే, "అందం చూడ్డానికి వచ్చేవాళ్ళకి. తొందర మనకి," అన్నాడు.

నేను తలూపాను. లోపల మాత్రం, డిగ్రీ చదివుంటే ఇలా మాట్లాడడు అనుకున్నాను. నిజానికి ఆయన చెప్పింది పాఠంలో ఉన్నదే. పొడుగు జాతి బంతి, పగలు పొట్టిదయితేనే బాగా మొగ్గ తొడుగుతుంది. జూన్‌లో ఇక్కడ రాత్రి పదింటిదాకా వెలుతురే. అందుకని కొన్ని మొక్కలు ఆకులు పెంచుకుంటూ కూర్చుంటాయి, వాటికి పూద్దామన్న ఆలోచన వచ్చేసరికి ఫ్రాస్ట్ వస్తుంది. అదే మడిలో ఒకటో రెండో మొక్కలు వెలుతురుని పట్టించుకోకుండా ముందే పూస్తాయి. చలిదేశంలో ఆ మొక్క బిడ్డలే బతికి బట్టకడతాయి. ఇదంతా పరీక్షలో రాసి పాసయ్యాను గాని, దారం ముడి చూసి గుర్తుపట్టలేకపోయాను.

కుంకుమ డబ్బా

రిటైరయ్యాక మార్చి నెలలో జరిగే విత్తనాల పంపకానికి వెళ్ళడం మొదలుపెట్టాను. మా దగ్గర లైబ్రరీ హాల్లో జరుగుతుంది. బయట ఇంకా మంచు కుప్పలు ఉంటాయి, లోపల బల్లల మీద కవర్లు పరిచి ఉంటాయి. ఎవరి దగ్గర మిగిలింది వాళ్ళు తెచ్చి పెడతారు, కావలసింది తీసుకెళతారు. అమ్మకం ఉండదు. కవరు మీద మొక్క పేరు, ఏ ఊళ్ళో పండిందో, ఎవరిదో రాయాలి. చలిలో తోట పెంచేవాళ్ళకి ఇదే పెద్ద పండగ.

అక్కడే సుగుణమ్మ గారు కలిశారు. కరీంనగర్ వైపు మనిషి. ఒక హాస్పిటల్ వంటింట్లో పని చేస్తారు. చేతిలో ఒక కుంకుమ డబ్బా, అందులో నల్లటి బంతి గింజలు.

"ఇవి మా చెల్లె ఇత్తనాలన్నా. విజయ దాని పేరు. పక్క రాష్ట్రంల, సాస్కటూన్‌ల ఉండేది. పన్నెండేండ్లు ఇవే పెట్టింది, ఇవే తీసింది. ఎర్రగ పూస్తయి. బతుకమ్మల మొదటి వరుస ఇవే పేర్చేది. పోయినేడు చెల్లె పోయింది."

డబ్బా నా వైపు జరిపి, ఆవిడే మళ్ళీ అన్నారు. "నాకు చిన్న పెరడు. కుందేళ్ళు తింటయి, వడగండ్లు పడ్తయి. నా దగ్గర పోతే మళ్ల దొరకయి. మీరు పార్కుల పనిజేసినోళ్లు గదా. మీ దగ్గర గూడ కొన్ని ఉంచుండ్రి."

మావైపు బతుకమ్మ లేదు. పూలు వరుసలు వరుసలుగా పేర్చి చుట్టూ ఆడతారని తెలుసు, అంతే. గింజలు తీసుకుని, మీకేం భయం లేదండీ అన్నాను. మార్విన్ కూడా ఆ రోజు వచ్చాడు. అప్పటికే ఎనభై దాటాయి. ఆవిడ దగ్గర ఓ పది గింజలు తీసుకుని ఏదో అడుగుతూ కనిపించాడు. నేను ఇంకో బల్ల దగ్గర టమాటాల గురించి ఉపన్యాసం ఇస్తున్నాను.

నా పనితనం

ఇక్కడ నా తెలివితేటలు చూడండి. మా ఇంటి వెనక గ్లాసు గది ఉంది, అందులో లైట్లు ఉన్నాయి. మార్చిలోనే గింజలు వేసి, జూన్‌కి మూరెడు మొక్కలు పెరట్లో పెట్టాను. ఆగస్టుకి పూశాయి. ముదురు ఎరుపు, అంచున సన్నటి పసుపు గీత. చాలా బాగున్నాయి.

మా ఇంట్లో మొదటి పువ్వు దేవుడిది. మా అమ్మ దగ్గరా అంతే, మీ ఇళ్ళల్లోనూ అంతే అయి ఉంటుంది. మా ఆవిడ సరళ రోజూ పొద్దున్నే వెళ్ళి, ముందు పూసిన మొక్కల పువ్వులన్నీ కోసి దేవుడి గదిలో పెట్టేది. ఆ మొక్కల మీద గింజ కట్టడానికి ఒక్క పువ్వూ మిగిలేది కాదు. నేనేమో అన్నిటికంటే పొడుగ్గా, అన్నిటికంటే పెద్ద పువ్వుతో ఉన్న మొక్కని విత్తనానికి ఎంచుకునేవాడిని. అది ఆలస్యంగా పూసేది. గింజ ముదిరేలోపు ఫ్రాస్ట్ వస్తుంది కాబట్టి, వేళ్ళతో సహా తవ్వి, కుండీలో పెట్టి, గ్లాసు గదిలో నవంబరుదాకా కాపాడి గింజ తీసేవాడిని. ఎంత బాగా కాపాడానో అని నన్ను నేనే మెచ్చుకున్నాను. మార్విన్ దారం కట్టిన మొక్కల్ని నేను దేవుడికిచ్చేసి, ఆయన వదిలేసే మొక్కని నెత్తిన పెట్టుకున్నానని తట్టనేలేదు.

మూడేళ్ళు ఇలా చేశాను. ప్రతి మార్చిలో కవర్లు కట్టి పంచాను. కవరు మీద నా పేరుతోనే 'రావు బంతి' అని రాశాను. ఎందుకు రాశానంటే, పంచేది నేనే కదా అనుకున్నాను. సుగుణమ్మ గారు ఆ కవరు చేతిలో తిప్పి చూసి సంచిలో వేసుకున్నారు. నా పువ్వు పెద్దదని, తన గింజలు తీయడం మానేసి నావే వేసుకోవడం మొదలుపెట్టారు. ఆ నమ్మకం నాకు చాలా గొప్పగా అనిపించింది.

నాలుగో ఏడు సెప్టెంబరు మొదటి వారంలో ఆవిడ ఫోన్ చేశారు. "అన్నా, ఒకసారి వచ్చి చూస్తరా?"

వెళ్ళాను. మొక్కలు నా ఛాతీ ఎత్తున ఉన్నాయి. కాండాలు వేలు లావున ఉన్నాయి. మొగ్గలు మాత్రం పచ్చి శనగల్లా బిగుసుకుని ఉన్నాయి, ఒక్కటి విచ్చుకోలేదు. బతుకమ్మ ఆ నెల చివర్లోనే. చలి రెండు మూడు రోజుల్లో రాబోతోందని ఫోన్లో చూపిస్తోంది.

"ఆకులతోని పేర్చాల్నా అన్నా?" అన్నారు. కోపంగా కాదు, నిజంగానే అడిగినట్టు అడిగారు.

అప్పుడు నేనన్న మాట ఇది: "మీరు గింజలు లేటుగా వేసినట్టున్నారండీ."

"ఏప్రిల్‌లనే ఏసిన. మా చెల్లె మే నెలల ఏసేది, మట్టిల తిన్నగ. దానికి పూసేటియి."

ఇంటికి వచ్చి మా పెరట్లో నిలబడ్డాను. నాకు మార్చిలో మొదలుపెట్టే గది ఉంది, లైట్లు ఉన్నాయి. నా ఆలస్యాన్ని అవి కప్పిపెట్టాయి. ఆవిడకి ఉన్నది ఒక కిటికీ. సరళని అడిగాను, ముందు పూసేవి ఏ మొక్కలని. "అవేగా, ఆ పొట్టివి. పాపం రోజూ పువ్విచ్చేవి అవే," అంది. మెట్టు మీద కూర్చుండిపోయాను.

ఆవిడ మొక్కలకి దుప్పట్లు కప్పాను. ఆ ఏడు చలి వరుసగా నాలుగు రోజులు పట్టింది, మొగ్గలు మొగ్గలుగానే నల్లబడ్డాయి. మా గ్లాసు గది కుండీల నుంచి రెండు బుట్టల పువ్వులు కోసి తీసుకెళ్ళి ఇచ్చాను. ఆవిడ మర్యాదగా తీసుకుని, "మీ ఇంటి పువ్వులు మంచిగున్నయన్నా," అన్నారు. మీ ఇంటి పువ్వులు అన్నారు. పాత కుంకుమ డబ్బాలో చెల్లెలి గింజ ఒక్కటీ లేదని అప్పుడే తెలిసింది.

మార్విన్ షెడ్డు

తప్పు చేసినప్పుడు పై అధికారి దగ్గరికి వెళ్ళడం కష్టం. రిటైరైన అధికారి దగ్గరికి రిటైరయ్యాక వెళ్ళడం ఇంకా కష్టం. అయినా వెళ్ళాను. మార్విన్ వాకర్ పట్టుకుని తలుపు తీశాడు. మొత్తం చెప్పాను. విని ఒకటే ప్రశ్న అడిగాడు.

"విత్తనం ఏ మొక్క నుంచి తీశావు?"

"అన్నిటికంటే పెద్దదాని నుంచి."

ఆయన వాకర్ తిప్పాడు. తర్వాత వెనక షెడ్డులోకి నడిచాడు. అక్కడ అరల నిండా గాజు సీసాలు, కవర్లు. ఒక కవరు తీసి నా చేతిలో పెట్టాడు. దాని మీద పెన్సిల్‌తో, వణికే అక్షరాలతో రాసి ఉంది: విజయ, సాస్కటూన్.

ఆ పేరు ఈయనకి ఎలా తెలుసని అడిగాను.

"ఆ రోజు బల్ల దగ్గర అడిగాను. ఎవరి విత్తనమో అడగకుండా ఎలా తీసుకుంటారు?" అన్నాడు.

నేను అడగకుండానే ఆవిడ నాకు చెప్పారు. నేను నా పేరు రాసుకున్నాను.

ఆయన వేసిన పది గింజల్లో మూడు జులై చివరికే పూశాయట. వాటికి ఎర్ర దారం కట్టాడు. ప్రతి ఏడూ అలాగే. ఈ మధ్య నడుం వంగక రెండు మొక్కలే పెట్టగలిగాడు, వాటిలో గింజ ముదిరింది ఒక్క పువ్వే, అందుకని కవరులో ఉన్నవి పంతొమ్మిది గింజలు. అన్నీ ఇచ్చేశాడు. కొన్ని మీ దగ్గర ఉంచుకోండి అన్నాను. "నాకు వయసైంది. ఆమెకి ఇవ్వు. పండితే నాకు నాలుగు పంపమను," అన్నాడు. వచ్చేటప్పుడు ఎర్ర ఊలు ఉండ కూడా చేతిలో పెట్టాడు. ఒక్క మాట దెప్పలేదు. ఈసారి కూడా తిడితే బాగుండుననిపించింది.

కొత్తగా పనిలో చేరే పిల్లలకి ఒక మాట. మీ ఫోర్‌మన్ ఎంత చదివాడో కనుక్కునే ముందు, ఆయన ఏ మొక్కకి దారం కడుతున్నాడో చూడండి.

పంతొమ్మిది గింజలు

మర్నాడే సుగుణమ్మ గారింటికి వెళ్ళాను. జరిగిందంతా చెప్పాను. లేటుగా వేశారని నేను ఆవిడ మీదికి నెట్టిన మాట కూడా ఎత్తి, అది తప్పని ఒప్పుకున్నాను. ఆవిడ వింటున్నారో లేదో తెలియలేదు. కవరు మీది అక్షరాల మీద వేలు పెట్టి, మెల్లగా ఆ చివరి నుంచి ఈ చివరిదాకా జరిపారు. కళ్ళు తుడుచుకున్నారు.

"గా ముసలాయన రెండుసార్లు అడిగి రాసుకున్నడు దాని పేరు," అన్నారు. కవరు ఒళ్ళో పెట్టుకుని, "మీ కవరు మీద మీ పేరు జూసిన్నాడు నాకు బాధయింది. చెప్పలే. మీరు పెద్దోళ్లు గదా అని. ఇప్పుడు ఒప్పుకున్నరు, చాలు. కూసోండ్రి, చాయ్ పెడ్త."

ఆ చాయ్ తాగడం నాకు చాలా కష్టమైంది.

వసంతం వచ్చాక నేను ఒక్క గింజ కూడా మా గ్లాసు గదికి తీసుకుపోలేదు. ఆవిడే మే నెలలో తన పెరట్లో, చెల్లెలు వేసినట్టే తిన్నగా మట్టిలో వేశారు. పంతొమ్మిదిలో పద్నాలుగు మొలిచాయి. చుట్టూ కుందేళ్ళు రాకుండా వల కట్టాను. ఎర్ర ఊలు ఇచ్చి, ఏ మొక్క ముందు పూస్తే దానికి కట్టాలని, దాని మీద ఒక్క పువ్వు కూడా తెంపకూడదని చెప్పాను.

ఆవిడ ముఖం మారిపోయింది. "మొదటి పువ్వు దేవునికి పెట్టకుండ ఎట్లన్నా? నా జన్మల ఎప్పుడు జెయ్యలే."

విజయ గారు ఏం చేసేవారని అడిగాను. ఆవిడ కాస్త ఆలోచించి, "దానికి పూజలు గీజలు పట్టకపోయేది. బతుకమ్మకే తెంపేది," అన్నారు. ముందు పూసినవి కొమ్మ మీదే గింజ కట్టేవన్నమాట, పన్నెండేళ్ళు ఆ గింజ తొందరగా పూయడానికి కారణం అదే. అయినా నమ్మకం సంగతి నేను తేల్చేది కాదు. మీ ఇష్టం అని చెప్పి వచ్చేశాను. ఇరవై ఆరేళ్ళ ఉద్యోగంలో ఇంత బెంగగా ఏ మడి గురించీ ఎదురుచూడలేదు.

ఆగస్టు మొదట్లో ఫోన్ వచ్చింది. "పూసిందన్నా. ఎర్రగ. దాని లెక్కనే ఉన్నది." అంతే చెప్పారు. తెంపారా, దారం కట్టారా అని అడగడానికి నాకు నోరు రాలేదు. సరళ మాత్రం, "ఆవిడ తెంపే ఉంటుంది. నేనైతే తెంపేదాన్ని," అంది.

సెప్టెంబరులో చలి వార్త రాగానే దుప్పట్ల మూట తీసుకుని మధ్యాహ్నమే వాళ్ళ పెరటికి వెళ్ళాను. మడి నిండా ఎర్రటి బంతులు. బతుకమ్మకి మొదటి వరుసేమిటి, రెండు మూడు వరుసలకి సరిపోతాయి. మధ్యలో ఒక పొట్టి మొక్క, దాని మొదట్లో ఎర్ర దారం. దాని పువ్వులన్నీ కొమ్మ మీదే ఎండి, కాడలు గోధుమరంగుకి తిరిగి, గింజ ముదిరి ఉన్నాయి. ఒక్కటి కూడా ఎవరూ ముట్టుకోలేదు. దారం ముడి మీద కుంకుమ బొట్టు ఉంది.

ఇద్దరం చెరో వైపు పట్టుకుని దుప్పటి పరిచాం. ఆవిడ దగ్గర అప్పటికే కవర్లు సిద్ధంగా ఉన్నాయి. మొదటి కవరు మార్విన్‌కట. అన్నిటి మీదా ఒకటే పేరు, విజయ.

"మరి దేవుడికి ఏం చెప్పారండీ?" అని అడిగాను.

ఆవిడ దుప్పటి అంచు మీద రాయి పెడుతూ అన్నారు. "ఉన్నదున్నట్టు చెప్పిన. ఈ మొదటిది మా చెల్లెది, నువ్వు రెండోది తీస్కో అన్న."